యాభై ఒకటో బిళ్ళ

పోయిన వారం మనం చూసేసరికి ఓడ వెనక్కి తిరిగి వచ్చింది. మంచుదీవి ఒడ్డున పాత వేటగాళ్ళ గుడిసెలో ముడుచుకుని కూర్చున్న టైలరమ్మను దుప్పటి చుట్టి పైకి తీసుకొచ్చారు. ప్రాణానికేం ఫర్వాలేదని ఓడ డాక్టరు చెప్పగానే డెక్కు మీదున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కొట్టనిది ఒక్కతే. ఆవిడ టైలరమ్మ వియ్యపురాలు, మన హెడ్మాస్టరమ్మ.

ఈ ఇద్దరూ లోకం చివర్న ఎలా వచ్చిపడ్డారో మరిచిపోయినవాళ్ళకు రెండు ముక్కలు. హెడ్మాస్టరమ్మ కూతురూ, టైలరమ్మ కొడుకూ ముచ్చటపడి ఉత్తర ధ్రువం దాపున ఉన్న దీవులకు ఓడ ప్రయాణం ఖాయం చేసుకున్నారు. అంతలో అమ్మాయి నెల తప్పింది. టిక్కెట్లు వెనక్కి తీసుకోం, కావాలంటే మనుషుల్ని మార్చుకోండి అన్నారు ఓడవాళ్ళు. "అమ్మలిద్దరూ వెళ్ళి రండి. పుట్టబోయేవాడికి నాయనమ్మా అమ్మమ్మా మాట్లాడుకునేవాళ్ళయితే మాకూ సుఖం" అని పిల్లలిద్దరూ కూడబలుక్కుని పంపేశారు. పెళ్ళిలో కూడా పక్కపక్కన కూర్చోకుండా గడిపేసిన వియ్యపురాళ్ళు అలా రెండు మంచాలు, ఒక గుండ్రటి కిటికీ ఉన్న గదిలో చిక్కుపడ్డారు.

ఇక బిళ్ళ సంగతి. ఈ ఓడలో దిగేచోట గోడకు ఒక బల్ల కొట్టి ఉంటుంది. దానికి వరసగా మేకులు, మేకుకో గుండ్రటి బిళ్ళ, బిళ్ళ మీద ప్రయాణికుడి నంబరు. దీవికి వెళ్ళేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు ఎర్రవైపుకి తిప్పుకోవాలి. తిరిగొచ్చాక తెల్లవైపుకి తిప్పుకోవాలి. బల్లంతా తెల్లగా ఉంటేనే ఓడ కదులుతుంది. తలలు లెక్కపెట్టే పని ఆ బిళ్ళలది. హెడ్మాస్టరమ్మది యాభై, టైలరమ్మది యాభై ఒకటి. టైలరమ్మ దిగేటప్పుడు బుద్ధిగానే తిప్పేది. ఎక్కేటప్పుడు మాత్రం బూట్లు కడుక్కునే తొట్టి దగ్గర ఎవరితోనో చేతులు తిప్పుతూ కబుర్లు మొదలెట్టి మరిచిపోయేది. భోజనాల హాల్లో అందరూ చెంచాలు పట్టుకునే వేళకు మైకులో వినబడేది, "నంబరు యాభై ఒకటి, దయచేసి మీ బిళ్ళ తిప్పండి" అని. అందరి తలలూ వియ్యపురాళ్ళు భోంచేసే బల్ల వైపు తిరిగేవి. టైలరమ్మ నవ్వుతూ చెయ్యి ఊపి లేచేది. హెడ్మాస్టరమ్మకు మాత్రం ఒళ్ళంతా జెర్రులు పాకేవి. ముప్పయ్యేళ్ళు బడిని గీత మీద నిలబెట్టిన మనిషి. తన పక్కన కూర్చున్న మనిషిని మైకులో పిలిస్తే తననే బెంచీ ఎక్కించినట్టుండేది.

అందుకే ఆ రోజు దీవి నుంచి తిరిగొచ్చి తన బిళ్ళ తిప్పుకున్నాక, పక్కన యాభై ఒకటి ఎర్రగా కనబడితే, "మళ్ళీ మరిచింది మహాతల్లి" అనుకుంది. కాపలా ఉండే గడ్డం సరంగు ఆ నిమిషంలో వంగలేని ముసలాయన బూట్లు తోముతున్నాడు. ఆవిడ చెయ్యి చాచి ఆ బిళ్ళ కూడా తిప్పేసింది. తన బడిలో ఏ టీచరైనా రాని పిల్లకు హాజరు వేస్తే ఉతికి ఆరేసిన మనిషి, జీవితంలో మొదటిసారి తానే ఒక దొంగ హాజరు వేసింది. బల్లంతా తెల్లగా అయింది. ఓడ లంగరెత్తింది. భోజనాల వేళ టైలరమ్మ కుర్చీ ఖాళీగా కనబడ్డాకే సంగతి బయటపడి ఓడ వెనక్కి తిరిగింది.

ఇప్పుడు చెప్పబోయేది మర్నాడు పొద్దున జరిగింది. పొద్దున అనడమే గానీ అక్కడ సూర్యుడు అస్తమించేదెప్పుడు? కాఫీ తాగితే పొద్దున్న అనుకోవాలి, అంతే.

అందరినీ పెద్ద హాల్లోకి రమ్మన్నారు. మూడు వైపులా అద్దాలు, బయట బూడిదరంగు నీళ్ళు, వాటి మీద కదలని మంచు పలకలు. దూరంగా ఒడ్డు, ఒడ్డు మీద కొట్టుకొచ్చిన దుంగలతో కట్టిన ఆ గుడిసె. ఓడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. వెనక్కి తిరిగి రావడంలో పొద్దంతా పోయింది గనుక ఈ ప్రయాణంలో అందరూ ఎదురుచూసిన పొడుగు కోరల వాల్రస్‌ల దీవి ఇక లేనట్టే. ఆ కోపం హాల్లో కాఫీ వాసన కంటే ముందు తగిలింది.

దీవుల్లో జనాన్ని తిప్పే బృందానికి పెద్ద ఒక పొడుగాటి ఆడమనిషి. వియ్యపురాళ్ళిద్దరూ తమలో తాము ఆమెను లీడరమ్మ అనుకునేవారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఆ మనిషి ఆ రోజు నవ్వలేదు. ఆమె పక్కన గడ్డం సరంగు చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు.

"నిన్న ఒక మనిషి ఒడ్డున ఉండగా ఆమె బిళ్ళ తెల్లగా మారింది" అంది లీడరమ్మ ఇంగ్లీషులో. "ఆ దీవిలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మా వాళ్ళు తుపాకులు పట్టుకుని మీ వెంట నడిచేది షోకుకి కాదు. ఆ బిళ్ళ ఎవరు తిప్పారో నాకు తెలియాలి. చేసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. లేచి చెబితే చాలు."

ఎవరూ లేవలేదు. హెడ్మాస్టరమ్మ మూడో వరసలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, వీపు నిటారుగా కూర్చుని, లీడరమ్మ మాటలు పక్కనున్న టైలరమ్మ చెవిలో తెలుగులో చెబుతూ ఉంది. లేద్దామనే అనుకుంది. కాళ్ళకు చెప్పింది కూడా. కాళ్ళు వినలేదు. ఇన్నేళ్ళలో ఎందరు పిల్లల్ని ఇలా లేపింది! "చేసింది ఎవరో లేచి చెబితే ఏమీ అనను" అని ఎన్నిసార్లంది! లేవని పిల్లల్ని ఎంత చులకనగా చూసింది! ఆ పిల్లల గుండె ఎలా కొట్టుకునేదో ఇన్నాళ్ళకు తెలిసింది.

"ఇంకెవరు? బిళ్ళల బల్ల దగ్గర నిలబడాల్సినవాడు ఈయన" అన్నాడు వెనక నుంచి ఎవరో, సరంగును చూపిస్తూ.

"మా వాల్రస్‌లు పోయాయి. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి" అంది పళ్ళ డాక్టరు భార్య. ఆవిడ రోజూ భోజనాల హాల్లో వీళ్ళ పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది.

"జవాబు చెబుతాడు" అంది లీడరమ్మ. "బల్ల దగ్గర కాపలా ఇతని బాధ్యత. ఎవరూ ఒప్పుకోకపోతే రేవుకి చేరాక కెప్టెన్ ఇతన్ని దించేస్తారు."

సరంగు తలెత్తలేదు. మెడ మాత్రం ఎర్రబడింది. రోజూ మెట్ల దగ్గర చెయ్యి అందించి "జాగ్రత్త, మేడమ్" అనే మనిషి. హెడ్మాస్టరమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. ఇప్పుడు లేవాలి, ఇప్పుడు లేవాలి అనుకుంటూనే ఉంది. ఆ అనుకోవడంలోనే ఆవిడ పక్క కుర్చీ కిర్రుమంది. లేచింది టైలరమ్మ.

నిన్నటి చలికి ఇంకా ముక్కు ఎర్రగానే ఉంది. మెడకు దుప్పటి చుట్టుకునే ఉంది. గొంతు మాత్రం ఎప్పటిదే, కొట్లో నాలుగు మిషన్ల చప్పుడు మీద అరిచి అరిచి గట్టిపడిన గొంతు.

"ఆ పెద్దాయన్ని ఏమీ అనొద్దని చెప్పండి వదినగారూ" అంది తెలుగులోనే. "ఆ బిళ్ళ నేనే తిప్పుకున్నాను. దిగేటప్పుడు ఎర్రగా తిప్పి, మళ్ళీ తిప్పానో లేదో అని అనుమానమొచ్చి ఇంకోసారి తిప్పేశాను. తెల్లగా అయిపోయింది. అదీ సంగతి. చెప్పండి."

హాలంతా హెడ్మాస్టరమ్మ వైపు చూసింది. ఈ ఓడ ఎక్కింది మొదలు టైలరమ్మ మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది ఆవిడే. లీడరమ్మ కూడా ఆవిడ వైపే తిరిగింది.

"ఏమంటున్నారావిడ?"

హెడ్మాస్టరమ్మ లేచింది. లేవలేని కాళ్ళు ఇప్పుడు ఎలా లేచాయో ఆవిడకే తెలియదు. ఒక్క మాట మార్చి చెబితే చాలు. 'ఆవిడ అబద్ధం చెబుతోంది, తిప్పింది నేను' అంటే చాలు. నోరు తెరిచింది. వచ్చిన మాటలు వేరు.

"ఆవిడ... తన బిళ్ళ తానే పొరపాటున తిప్పుకున్నానంటున్నారు."

వ్యాకరణం తప్పలేదు. ఉచ్చారణ తప్పలేదు. తన తప్పును వియ్యపురాలి నెత్తిన పెట్టిన వాక్యాన్ని తన నోటితోనే, పిల్లలకు డిక్టేషన్ చెప్పినంత శుభ్రంగా చెప్పింది.

లీడరమ్మ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అలాగా" అంది. "అయితే నంబరు యాభై ఒకటి ఇక ఏ దీవిలోనూ దిగడానికి లేదు. మిగతావాళ్ళకు మధ్యాహ్నం ఈ ఒడ్డునే ఇంకోసారి దిగే ఏర్పాటు చేస్తాం."

"ఏమంది?" అడిగింది టైలరమ్మ.

"మిమ్మల్ని... దిగనివ్వరట."

టైలరమ్మ మొహంలో ఏదో కదిలి ఆగిపోయింది. "పోన్లెండి" అని కూర్చుంది.

గదికి వచ్చాక హెడ్మాస్టరమ్మ తలుపు వేసి, గొళ్ళెం పడిందో లేదో చూసి, మళ్ళీ చూసింది. ఎదురుగా మంచం మీద టైలరమ్మ కూర్చుని దుప్పటి అంచు మడతలు పెడుతూ విప్పుతూ ఉంది. చేతులు ఊరికే పెట్టుకోవడం చేతకాని మనిషి. ఓడెక్కింది మొదలు చేతిలో ఒక బొంత ఉండేది. కొట్లో మిగిలిన రంగురంగుల గుడ్డముక్కలతో పుట్టబోయే మనవడికో మనవరాలికో కుడుతున్న బొంత. అద్దాల హాల్లో అందరి మధ్యా కూర్చుని దారం పళ్ళతో తెంపుతుంటే హెడ్మాస్టరమ్మ కుర్చీ కాస్త పక్కకు జరుపుకునేది. ఇప్పుడు ఆ బొంతా లేదు, అది పెట్టుకునే సంచీ లేదు.

"ఎందుకలా చెప్పారు వదినగారూ?" అంది హెడ్మాస్టరమ్మ.

"ఎలా?"

"మీరే తిప్పుకున్నారని."

"మరి మీరు తిప్పారని చెప్పమంటారా? అది మీరే చెప్పాలి. ఇంగ్లీషు మీకే కదా వచ్చు."

హెడ్మాస్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. కుర్చీ అందుకుని కూలబడింది.

"మీకు... తెలుసా?"

"తెలియక? ఈ ఓడలో నా చెప్పు వంకరగా ఉంటే సర్దేది ఎవరు? నా కప్పు కింద చెమ్మ తుడిచేది ఎవరు? నా జేబుకి జిప్పు వేసేది ఎవరు? నా బిళ్ళ మీరు కాక ఆ కెప్టెన్ వచ్చి తిప్పుతాడా?" టైలరమ్మ నవ్వబోయి మానేసింది. "రాత్రంతా అదే ఆలోచించాను. కోపంతో కాదులెండి. ఒక్కటే తెలుసుకుందామని. అడగనా?"

"అడగండి."

"తిరిగొచ్చేటప్పుడు పడవ ఎక్కారు కదా. నేను అందులో ఉన్నానో లేదో చూశారా?"

హెడ్మాస్టరమ్మ దగ్గర ఒక జవాబు సిద్ధంగానే ఉంది. ముందు పడవలో వెళ్ళిపోయారనుకున్నాను అనే జవాబు. అది అబద్ధం కూడా కాదు. కానీ పొద్దున హాల్లో చెప్పిన ఒక్క అబద్ధమే ఇంకా నోట్లో చేదుగా ఉంది. రెండోది మింగుడుపడదని తెలిసిపోయింది.

"చూశాను" అంది. "మీరు లేరు. ముందు పడవలో వెళ్ళారనుకున్నాను. అనుకుని... హాయిగా ఉందనిపించింది. పక్కన మీరు లేరు, ఎవరూ మన వైపు చూసి నవ్వరు, కాసేపు నేనొక్కదాన్నే ఉండొచ్చు అని. అంతకంటే వెతకలేదు వదినగారూ. వెతకాలనిపించలేదు."

చెప్పేసి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. సిగ్గంటే ఇంత బరువుగా ఉంటుందని ఆవిడకు తెలియదు. బడిలో ఆవిడ పంచిపెట్టినదే గానీ పుచ్చుకున్నది కాదది.

టైలరమ్మ దుప్పటి అంచు మడత విప్పి మళ్ళీ మడిచింది. కిటికీ కింద నీళ్ళు ఓడకు తగులుతున్న చప్పుడు వినబడుతూ ఉంది.

"నిజమే చెప్పారు" అంది చివరికి. "నేనైతే అంత నిజం చెప్పేదాన్ని కాదు. సరే, మీరూ ఒకటి అడగండి."

"ఏమిటి?"

"ఆ గుడిసెలోకి ఎందుకెళ్ళి కూర్చున్నానో అడగరేం? వచ్చినప్పటి నుంచీ అందరూ అడిగారు. మీరు అడగలేదు."

హెడ్మాస్టరమ్మ చేతులు దించింది. అడగలేదన్న మాట నిజమే. అడిగితే ఏ జవాబు వస్తుందోనని భయమేసి అడగలేదు.

"నిన్న పడవలో వెళ్ళేటప్పుడు ఆ పళ్ళ డాక్టరు పెళ్ళాం నా వైపు చూసి మిమ్మల్నేదో అడిగింది. మీరు 'హెల్పర్' అన్నారు. ఆవిడ ఓహో అని తలాడించింది. ఆ వెంటనే తన సంచీ నా చేతికిచ్చి పడవ దిగింది." టైలరమ్మ దుప్పటి అంచు వదిలేసింది. "నా కొట్లో ముగ్గురు హెల్పర్లున్నారు వదినగారూ. ఆ మాట నాకు తెలియదనుకున్నారా?"

హెడ్మాస్టరమ్మ ఎలాగో కూడదీసుకుని, "ఇంగ్లీషులో వియ్యపురాలికి మాట లేదు వదినగారూ... చటుక్కున ఏం చెప్పాలో తోచక..." అని మొదలుపెట్టింది. మొదలుపెడుతుండగానే ఆ వంక ఎంత పేలవంగా ఉందో తన చెవికే తెలిసింది. మాట లేకపోవడం నిజమే. కానీ ఆ దారం పళ్ళతో తెంపే మనిషి, ఆ పెద్ద గొంతు మనిషి తనకేమీ కాదని అనిపించుకోవాలన్న ఆత్రం కూడా నిజమే.

"మాట లేకపోతే చుట్టమని చెప్పలేరా? ఫ్రెండ్ అనలేరా? అది నాకే వచ్చు" అంది టైలరమ్మ. ఇంతసేపూ ఆపుకున్నది గొంతులోకి వచ్చేసింది. "అందరి ఎదురుగా ఏడవడం ఇష్టం లేక ఆ గుడిసె వెనక్కి పోయాను. మంచు పడుతోంటే లోపలికెళ్ళాను. బొంత తీసి నాలుగు కుట్లు వేస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను. తలెత్తి చూసేసరికి ఓడ లేదు. అదీ నా కథ."

కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, ఆవిడ మళ్ళీ మామూలు మనిషయింది. అది టైలరమ్మ గొప్ప. ఏడుపుకైనా కత్తిరింపుకైనా ఎక్కడ ఆపాలో తెలుసు.

"మరి ఇంత జరిగాక నన్నెందుకు కాపాడారు?" అంది హెడ్మాస్టరమ్మ, తలెత్తకుండానే.

"మిమ్మల్ని కాదు. నా కోడల్ని. ఇంటికెళ్ళాక మా అమ్మ ఇలా చేసిందట అని తెలిస్తే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? వట్టి మనిషి కూడా కాదు." టైలరమ్మ గొంతు తగ్గించింది. "ఇప్పుడు నాకో పని చేసిపెట్టండి, చాలు. నిన్న వాళ్ళు నన్ను లాక్కొచ్చే హడావుడిలో సంచి గుడిసెలోనే ఉండిపోయింది. బొంత అందులోనే ఉంది. మధ్యాహ్నం మీరు దిగుతారుగా, తెచ్చిపెట్టండి. లీడరమ్మకి చెప్పారంటే దీవి మీద చెత్త వదిలానని నా మీద ఇంకో కేసు పెడుతుంది."

"నేనా?" హెడ్మాస్టరమ్మ ఉలిక్కిపడింది. "ఆ పడవలో వాళ్ళందరి మధ్యా కూర్చోవడానికి నాకు మొహం చెల్లదు వదినగారూ. ఆ సరంగు చెయ్యి పట్టుకుని దిగాలి. నా వల్ల కాదు."

టైలరమ్మ ఆవిడను తేరిపార చూసింది. "సరే, పడుకోండి" అని గోడ వైపు తిరిగింది.

'నా వల్ల కాదు' అన్న మాట నోటినుంచి దాటిన దగ్గర్నుంచీ హెడ్మాస్టరమ్మకు నిలకడ లేదు. తప్పు చేసింది, దాచింది, ఇంకొకరి మీదకు నెట్టింది, ఇప్పుడు అడక్క అడక్క అడిగిన చిన్న పని కూడా చెయ్యనంది. ఇంతకంటే దిగజారడానికి మెట్టు లేదు. "ఇప్పుడే వస్తాను" అని లేచింది. కొక్కేనికి ఇద్దరి పసుపుపచ్చ కోట్లూ వేలాడుతున్నాయి, ఓడవాళ్ళు అందరికీ ఇచ్చినవే, భుజం మీద నంబరు కుట్టినవి. బయట చలిలోకి పోయే ఉద్దేశం లేదు గనుక కోటు ముట్టుకోలేదు.

లీడరమ్మ గది పై అంతస్తులో ఉంది. అక్కడిదాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి పెట్టి, వెనక్కి వచ్చేసింది. నడవా చివర నీళ్ళు తాగింది. మళ్ళీ వెళ్ళింది. లోపల ఎవరో మాట్లాడుతున్నట్టనిపించి మళ్ళీ తిరిగొచ్చింది. కింద రబ్బరు పడవలు దింపుతున్న గొలుసుల చప్పుడు, మొదటి పడవ మోటారు, జనం కేరింతలు, అన్నీ వినబడ్డాయి. అప్పటికీ ఆవిడ నడవాలోనే కాళ్ళు ఈడుస్తోంది. పడవ మోటారు మరోసారి మోగి దూరమయ్యాక గానీ తలుపు తట్టలేకపోయింది.

లీడరమ్మ ఆవిడను కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు.

"ఆ బిళ్ళ నేను తిప్పాను" అంది. "సరంగు తప్పేమీ లేదు. ఆమె తప్పు అసలే లేదు. ఆమె అబద్ధం చెప్పింది నా కోసం. ఆ అబద్ధాన్ని ఇంగ్లీషులో చెప్పింది నేను. మైకులో పిలుస్తారన్న చిన్నతనంతో తిప్పేశాను. ఒక మనిషి ప్రాణం కంటే అది నాకు ఎక్కువైంది."

లీడరమ్మ ఆశ్చర్యపోలేదు. అదే హెడ్మాస్టరమ్మకు మొదట అర్థం కానిది.

"నాకు తెలుసు" అందామె నెమ్మదిగా. "బల్లకు ఎదురుగా కెమెరా ఉంది. నిన్ననే చూశాను. మీరు రెండు బిళ్ళలు తిప్పడమూ ఉంది, మా సరంగు వంగి బూట్లు కడుగుతూ ఉండడమూ ఉంది."

హెడ్మాస్టరమ్మ గోడకు ఆనుకుంది. పొద్దున హాల్లో తాను నిటారుగా నిలబడి, ఒక్కొక్క పదం తూచి తూచి ఆ అబద్ధం చెబుతుంటే, ఈమెకు తెలుసు. ఎదురుగా నిలబడి, అంతా తెలిసి, వింది.

"మరి... అక్కడే చెప్పలేదేం?"

"చెప్పాల్సింది నేనా?"

ఇదే ప్రశ్న తాను ఎన్నోసార్లు ఎందరినో అడిగింది గనుక, దీనికి జవాబు ఉండదని ఆవిడకు బాగా తెలుసు.

"అతన్ని దించేస్తాననడం మిమ్మల్ని లేపడానికి. లేస్తారనుకున్నాను. ఆమె లేచింది" అంది లీడరమ్మ. "మీరు ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను. ఆలస్యమైంది గానీ వచ్చారు."

"నన్ను దిగనివ్వకండి. ఆమెను పంపండి. ఆ గుడిసెలో ఆమె సంచి ఉండిపోయింది, మనవడి కోసం కుట్టిన బొంత అది. అడగడానికి కూడా భయపడుతోంది."

"అంతేనా?" లీడరమ్మ మొదటిసారి కాస్త నవ్వింది. "ఆ ముక్క పొద్దున్నే చెబితే మా వాళ్ళే తెచ్చేవారు కదా. రండి, ఆఖరి పడవ ఇంకా కిందే ఉంటుంది. ఆమెను నేనే ఎక్కిస్తాను."

ఇద్దరూ గదికి వెళ్ళారు. టైలరమ్మ లేదు. మంచం మీద దుప్పటి అంచు నీటుగా మడతపెట్టి ఉంది. కొక్కేనికి ఒక్క కోటే వేలాడుతోంది. దాని భుజం మీద నంబరు యాభై ఒకటి.

హెడ్మాస్టరమ్మ ఆ నంబరు రెండుసార్లు చదివింది. అప్పటికింకా ఏమీ తెలియలేదు గానీ మెట్లు మాత్రం పరుగున దిగింది. ఆ వయసులో ఆవిడ పరిగెత్తగా ఎవరూ చూడలేదు. కింద మెట్ల దగ్గర ఆఖరి పడవ కోసం నలుగురైదుగురు నిలబడి ఉన్నారు, పళ్ళ డాక్టరు భార్య కూడా. బల్ల దగ్గర గడ్డం సరంగు ఆవిడను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడమ్, మీరు మొదటి పడవలో వెళ్ళిపోయారు కదా? కోటు మీద నంబరు చూశాను. ముక్కుదాకా గుడ్డ చుట్టుకుని... బిళ్ళ నా ఎదురుగానే తిప్పారు."

బల్ల మీద యాభై ఒకటి తెల్లగా ఉంది. పక్కన యాభై ఎర్రగా ఉంది.

లీడరమ్మ నడుముకున్న వైర్‌లెస్ గరగరలాడింది. ఒడ్డు నుంచి మాట్లాడుతున్నది తుపాకీ పట్టుకుని జనం వెంట నడిచేవాళ్ళలో ఒకడు. "ఇక్కడ పొగమంచు దిగుతోంది. అందరినీ ఒక చోటికి చేర్చాం. ఒక మనిషి తక్కువ. నంబరు యాభై గుంపులోంచి విడిపోయి గుడిసె వైపు వెళ్ళడం చూశామంటున్నారు కొందరు. ఇప్పుడు గుడిసే కనబడటం లేదు."

హెడ్మాస్టరమ్మ తెరిచి ఉన్న తలుపులోంచి చూసింది. పొద్దున అద్దాల్లోంచి అంత స్పష్టంగా కనబడిన ఒడ్డు లేదు. దుంగలు లేవు. తెల్లటి గోడ ఒకటి నీళ్ళ మీదుగా ఓడ వైపే వస్తోంది. తాను తలుపు తట్టడానికి భయపడి నడవాలో తిరిగిన ఆ కాసేపట్లోనే టైలరమ్మ పడవెక్కేసింది, ఇప్పుడు దీవిలో ఒంటరిగా నడుస్తోంది.

"మీ నంబరు మీద ఒడ్డుకి వెళ్ళింది ఆమే కదా?" లీడరమ్మ గట్టిగా అడిగింది. "ఒడ్డున వాళ్ళు పిలవాలి. ఏమని పిలవమంటారు?"

"ఆమె అంటే ఈవిడ హెల్పరే అయి ఉంటుంది" అంది పళ్ళ డాక్టరు భార్య.

"కాదు" అంది హెడ్మాస్టరమ్మ.

ఆ కాదన్న గొంతు ఒకప్పుడు బడి ఆవరణంతా వినబడిన గొంతు. మెట్ల దగ్గరున్న అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

"ఆవిడ మా వియ్యపురాలు" అంది. ఆ ఒక్క మాటా తెలుగులోనే అంది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ ఇంగ్లీషులో, పగిలిన గొంతుతో, వ్యాకరణం చూసుకోకుండా చెప్పింది. "మా అమ్మాయి అత్తగారు. నాకు పుట్టబోయే మనవడికి నాయనమ్మ. మా ఇంటి మనిషి. హెల్పర్ అన్నది నేను, అబద్ధం. నిన్న బిళ్ళ తిప్పిందీ నేనే. ఆవిడకు ఇంగ్లీషు రాదు, మీ వాళ్ళు ఏమని పిలిచినా పలకదు. నన్ను తీసుకెళ్ళండి. నేను పిలిస్తే పలుకుతుంది."

లీడరమ్మ ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి సరంగుకు సైగ చేసింది. సరంగు కొక్కేనికున్న తన కోటు తీసి ఆవిడ భుజాల మీద వేసి చెయ్యి అందించాడు. ఈసారి "జాగ్రత్త, మేడమ్" అనలేదు.

పడవ తాడు విప్పుతుండగా పొగమంచులోంచి, ఒడ్డు ఉండాల్సిన వైపు నుంచి, తుపాకీ ఒక్కసారి పేలింది.